బ్రేకు కొట్టని డ్రైవరు

స్టీరింగ్ వెనకాల, చేతులు పెట్టుకునే చోట, కుడి ఎడమల రెండు చిన్న రేకులు ఉంటాయి. కుడి దాని మీద ప్లస్ గుర్తు, ఎడమ దాని మీద మైనస్ గుర్తు. వేలితో ప్లస్‌ను మన వైపుకు లాగితే గేరు ఒకటి పెరుగుతుంది, మైనస్‌ను లాగితే ఒకటి తగ్గుతుంది. క్లచ్ తొక్కే పని లేదు, చెయ్యి స్టీరింగ్ వదలక్కర్లేదు. వీటిని ప్యాడిల్ షిఫ్టర్లు అంటారు. ఆటోమేటిక్ కార్లు కొన్నవాళ్ళు చాలామంది బండి అమ్ముకునే రోజు దాకా వాటిని ముట్టుకోరు. కొందరికి అవి ఉన్నాయన్న సంగతే తెలియదు. నేను మాత్రం దాదాపు ఏడాది పాటు వాటిని పట్టుకుని బతికాను. పనిచెయ్యని నా కుడి పాదాన్ని వాటి వెనకాల దాచుకున్నాను.

శంషాబాద్‌లో ఇరవై రెండేళ్ళు డ్రైవరుగా ఉన్నాను. మొదట అద్దె జీపు, ఎయిర్‌పోర్టు వచ్చాక క్యాబు, తర్వాత ఒక సారు దగ్గర సొంత డ్రైవరు. సారుది ప్లాట్ల వ్యాపారం. ఎయిర్‌పోర్టు చుట్టుపక్కల ఖాళీ నేల కనిపిస్తే చాలు, హద్దురాళ్ళు పాతించి, జెండాలు కట్టించి, ఆదివారం జనాన్ని బస్సుల్లో తెచ్చి చూపించేవాడు. మనిషి చెడ్డవాడు కాదు. వయసులో నాకంటే చిన్నవాడు కాబట్టి నన్ను అన్నా అనేవాడు, జీతమిచ్చేవాడు కాబట్టి నేను సార్ అనేవాణ్ణి. ఎవరు పెద్దో ఇద్దరికీ తెలుసు.

పాత బండి అమ్మేసి ఆయన ఆటోమేటిక్ కొన్నాడు. తాళాలిచ్చే రోజు షోరూమ్ మనిషి బండి పక్కన నిలబడి అన్నీ చెప్పాడు. డి అంటే మామూలు నడక, గేర్లు బండే చూసుకుంటుంది. ఎస్ అంటే స్పోర్ట్, గేరు తొందరగా మార్చదు, ఇంజను గట్టిగా లాగుతుంది. ఎకో అంటే పెట్రోలు పొదుపు. సారు ఫోన్లో ఎవరికో తూర్పు ముఖం ప్లాటు గురించి చెబుతున్నాడు. విన్నది నేనొక్కణ్ణే. "గీ రేకులేంది అన్నా?" అని అడిగాను. "అవి షోకుకు. కొండల మీద నడిపేటోళ్ళకు. నువ్వు ముట్టకు, డిల ఏసి కూసో" అన్నాడు షోరూమ్ మనిషి. నాకు ఒళ్ళు మండింది. ఇరవై రెండేళ్ళు చేతి కింద గేరు రాడ్డు, ఎడమ కాలి కింద క్లచ్చు ఉన్నవాణ్ణి. బండి కొన్న రోజే నా ఎడమ కాలి ఉద్యోగం పోయింది. ఇక పనంతా కుడి కాలిది. యాక్సిలరేటరూ అదే తొక్కాలి, బ్రేకూ అదే తొక్కాలి.

అదే కాలు నన్ను ముంచింది.

షుగరు నాకు పదేళ్ళుగా ఉంది. గోలీలు గుర్తుంటే వేసుకునేవాణ్ణి. ఒకరోజు ఎయిర్‌పోర్టు పార్కింగులో బండి పెట్టి, టీ తాగుదామని రోడ్డు దాటి కొట్టు దాకా నడిచాను. కొట్టు ఆమె నా కాళ్ళ వైపు చూసి నవ్వింది. "ఏంది అన్నా, ఒక్క చెప్పుతోనే వచ్చినవ్?" ఎండాకాలం, మిట్టమధ్యాహ్నం. తారు రోడ్డు మీద కుడి కాలు ఉత్తదే పెట్టి నడిచి వచ్చాను. చెప్పు ఎప్పుడో బండి దగ్గరే ఊడిపోయింది. నాకు తెలియలేదు. నేనూ నవ్వాను, టీ తాగాను. సాయంత్రం ఇంట్లో మా ఆవిడ పాదం తిప్పి చూస్తే అరికాలంతా బొబ్బలు.

మర్నాడు దవాఖానకు పోయాం. డాక్టరమ్మ చిన్నది, మా అమ్మాయంత ఉంటుంది. చేతిలో సన్నని తీగలాంటిది పట్టుకుని, "కళ్ళు మూసుకోండి, తాకినప్పుడల్లా చెప్పండి" అంది. కళ్ళు మూసుకున్నాను. ఎడమ పాదంలో రెండు మూడు చోట్ల తెలిసింది, చెప్పాను. కుడి పాదం కోసం చాలాసేపు అట్లాగే ఉన్నాను. ఇంకా మొదలుపెట్టదేమిటా అని, "ఇగ కానియ్యండి మేడం" అన్నాను. కళ్ళు తెరిచి చూస్తే మా ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఉంది. డాక్టరమ్మ తీగను డబ్బాలో పెట్టేస్తోంది. "అయిపోయింది" అంది.

కుడి పాదంలో స్పర్శ పూర్తిగా పోయిందనీ, ఎడమది కొంత మిగిలి ఉందనీ, పోయింది తిరిగి రాదనీ చెప్పింది. నా పని ఏమిటని అడిగింది. డ్రైవర్నని చెప్పాను. కాగితం మీద రాస్తున్న పెన్ను ఆగింది. "ఇక నడపకండి" అంది. ఎంత మామూలుగా అందో! ఉప్పు తగ్గించండి అన్నట్టే అంది.

ఇంటికి వచ్చాక మా ఆవిడ చెప్పింది, "సారుకు చెప్పు. వేరే పని ఏదన్న సూస్తడు."

"ఏం పని సూస్తడు? జెండాలు కట్టమంటడా?"

"ఏదైతే గది. పాణం కన్న ఎక్కువనా?"

"డ్రైవరుకు డ్రైవింగ్ తప్ప ఏమొస్తదే? గోడౌనుల మూటలు మోస్తనా ఈ కాలితోని?"

ఆమె బైబిలు తెరిచి నా పాదం మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేసింది. ఆమె చెయ్యి నాకు తెలియలేదు. ఆ రోజే కాదు, ఆ తర్వాత రోజూ సాయంత్రం ఆమె నా పాదాలు ఒళ్ళో పెట్టుకుని ముల్లు గుచ్చుకుందా, కోసుకుందా అని వెతికేది. వెతికినంతసేపూ నేను టీవీ చూస్తూ కూర్చునేవాణ్ణి. కోపంతో కూర్చునేవాణ్ణి. ఎవరి మీద కోపమో నాకే తెలియదు.

స్పర్శ లేకపోయినా కాలు కదులుతుంది. తొడ నుంచి బలం పెట్టి తొక్కితే బ్రేకు పడుతుంది. ఎంత తొక్కానో మాత్రం తెలియదు. బండి ముక్కు కిందికి వంగితే ఎక్కువ తొక్కానని, ముందు బండి దగ్గరికి వచ్చేస్తుంటే తక్కువ తొక్కానని తెలుసుకోవాలి. పాదం పెడల్ మీద ఉందో, పక్కన నేల మీద ఉందో వంగి చూసుకోవాలి. సరే, ఎడమ కాలు ఖాళీగానే ఉంది కదా, బ్రేకు దానికి అప్పజెబుదామనుకున్నాను. శంషాబాద్ బస్టాండు ముందర ఒక ఆటో అడ్డం వచ్చింది. ఎడమ కాలితో తొక్కాను. ఇరవై రెండేళ్ళుగా ఆ కాలికి ఒకటే వచ్చు, క్లచ్చును నేల దాకా తొక్కడం. బ్రేకునూ నేల దాకా తొక్కింది. బండి కీచుమని ఆగింది. వెనక సారు తల ముందు సీటుకు కొట్టుకుంది, ఫోను ఎగిరి నా ఒళ్ళో పడింది.

"ఏమైందన్నా?"

"కుక్క అడ్డమొచ్చింది సార్."

మంచి కాలికి బ్రేకు తెలియదు, బ్రేకు తెలిసిన కాలికి ప్రాణం లేదు. ఎడమ కాలికి కొత్త పని నేర్పుదామని ఖాళీ లేఅవుట్లలో ఒంటరిగా చాలాసార్లు ప్రయత్నించాను. నేర్చుకోలేదు. మొండిది, నా కాలే కదా.

రేకుల సంగతి హిమాయత్ సాగర్ దగ్గర తెలిసింది. రింగు రోడ్డు మీద నుంచి కిందికి దిగే వాలులో బండి వేగం పట్టుకుంది. బ్రేకు తొక్కుతున్నానా లేదా అని కిందికి చూస్తే రోడ్డు కనపడదు, రోడ్డు చూస్తే కాలు కనపడదు. ఆ భయంలో ఎడమ చేతి వేలు మైనస్ రేకును లాగింది. ఇంజను గుర్రుమంది, బండి వెనక నుంచి ఎవరో పట్టుకున్నట్టు నెమ్మదించింది. ఇంకోసారి లాగాను. ఇంకా నెమ్మదించింది. గేరు తగ్గితే చక్రాల వేగాన్ని ఇంజను పట్టి ఆపుతుంది. పాత బండ్లలో ఘాట్ దిగేటప్పుడు మేమంతా చేసే పనే, రెండో గేరులో వేసి దిగడం. ఇన్నాళ్ళూ ఆ విద్య నా చేతిలో ఉంది, ఈ కొత్త బండిలో దాన్ని ఎక్కడ పెట్టారో తెలియలేదు, అంతే. చెరువు కట్ట పక్కన బండి ఆపి కాసేపు ఏడ్చాను. సంతోషమే అనుకున్నాను అప్పుడు.

ఇక వాటి స్వభావమంతా నేర్చుకున్నాను. డిలో ఉన్నప్పుడు రేకు లాగితే బండి మన మాట వింటుంది కానీ కొద్దిసేపే. నిలకడగా పోతున్నట్టు కనిపిస్తే, ఇక చాల్లే అని మళ్ళీ తన ఇష్టానికి గేరు వేసుకుంటుంది. ఎస్‌లో పెట్టి లాగితే మనం వేసిన గేరునే పట్టుకుని ఉంటుంది. మనం మరిచిపోయినా, వేగం బాగా తగ్గితే ఇంజను ఆగిపోకుండా తనే గేరు దించుకుంటుంది. వేగంగా పోతూ మరీ కింది గేరు అడిగితే ఇవ్వదు, ఒక చిన్న కూత కూసి ఊరుకుంటుంది. ఆ కూత వింటే నాకు మండేది. ఎకోలో అయితే రేకు లాగినా పట్టు అంతంత మాత్రమే. సారుకేమో ఎకో అంటే ఇష్టం. ఆయన ఎక్కేటప్పుడు ఎకోలో ఉంచేవాణ్ణి, ఫోన్లో పడగానే ఎస్‌లోకి మార్చేవాణ్ణి. "పెట్రోలు జర ఎక్కువ తాగుతుంది ఏందన్నా?" అని ఒకసారి అడిగాడు. "ఏసీ సార్" అన్నాను.

ఇంకో ఇబ్బంది ఉంది. రేకుతో నెమ్మదిస్తే వెనక ఎర్ర లైటు వెలగదు. నేను ఆగబోతున్నానని వెనక వచ్చేవాడికి తెలియదు. బెంగళూరు హైవే మీద ఎంతమంది తిట్టారో లెక్కలేదు. ఒక లారీ అయితే గుద్దినంత పని చేసి పక్కకు తిప్పుకుపోయింది. అయినా నాకది గుడ్డిలో మెల్ల. దూరం నుంచే ముందు బండిని కనిపెట్టి, ఐదు, నాలుగు, మూడు, రెండు అని రేకుతో దించుకుంటూ వచ్చి, ఆఖరున ఆగే చోట మాత్రం కాలు చూసుకుని తొడ బలంతో తొక్కేవాణ్ణి. బండి ఎక్కడా కుదిపేది కాదు.

దానికి నాకు పేరొచ్చింది! సారు ప్లాట్లు కొనడానికి వచ్చినవాళ్ళను బండిలో ఎక్కించుకుని చెప్పేవాడు. "మా అన్న నడిపితే గ్లాసుల నీళ్ళు తొణకవు. బ్రేకే కొట్టడు, సూడుండ్రి." వాళ్ళు ముందుకు వంగి నన్ను చూసేవాళ్ళు. దొంగకు తేలు కుట్టినట్టు నేను అద్దంలోకి నవ్వేవాణ్ణి. ఒకసారి ఎయిర్‌పోర్టు హోటలు దగ్గర సారు స్నేహితుడు తన డ్రైవర్ని తెచ్చి నా ముందు నిలబెట్టాడు, వీడికి కూడా జర నేర్పు అన్నా అని. ఏం నేర్పను?

సారు వాళ్ళ అమ్మ గురించి చెప్పాలి. డెబ్బై దాటిన మనిషి, సన్నగా, చురుగ్గా ఉండేది. పొలం పని చేసిన ఒళ్ళు. కొడుకు పెద్దవాడయ్యాక కూడా తన బట్టలు తనే ఉతుక్కునేది, పొద్దున్నే కాలనీ అంతా రెండు చుట్లు నడిచేది. ప్రతి గురువారం మైలార్‌దేవ్‌పల్లిలో ఉన్న చెల్లెలి ఇంటికి తీసుకుపోయేవాణ్ణి. బండి ఎక్కగానే నిద్రపోయేది. "బిడ్డా, నీ బండిల పంటే ఉయ్యాలల పన్నట్టే ఉంటది" అనేది. ఇంకెవరి బండిలోనూ ఆమెకు నిద్ర పట్టదట. ఆ మాట విన్నప్పుడల్లా వంగి నా పాదం చూసుకునేవాణ్ణి. నన్ను నమ్మి కళ్ళు మూసుకున్నది ఆమె ఒక్కతే.

రేకులకు రాని పని ఒకటుంది. అవి బండిని నెమ్మదింపజేస్తాయి, ఆపలేవు. ఆటోమేటిక్ బండి ఒకటో గేరులో ఉన్నంతసేపూ, బ్రేకు మీద కాలు లేకపోతే, తనంతట తాను మెల్లగా ముందుకు పాకుతుంది. అది నాకు బాగా తెలుసు. అందుకే నాకు నేను ఒక కట్టడి పెట్టుకున్నాను. ఆగగానే గేరును పార్కింగులో వెయ్యాలి, హ్యాండ్ బ్రేకు మీట లాగాలి, అప్పుడే దిగండి అనాలి. పది నెలలు దాన్ని తప్పలేదు.

ఆ గురువారం మైలార్‌దేవ్‌పల్లి గల్లీలో నీళ్ళ ట్యాంకరు అడ్డంగా ఉంది. చెల్లెలి ఇంటికి నాలుగిళ్ళ ముందే ఆగాల్సి వచ్చింది. అక్కడ రోడ్డు కిందికి వాలుగా ఉంటుంది. నా వెనక స్కూటర్లు, ఆటోలు హారన్లు మోగిస్తున్నాయి. ఒకతను వచ్చి అద్దం మీద కొట్టి, "జర ముంగటికి తియ్యి భాయ్" అన్నాడు. గేరు పార్కింగులో వెయ్యకముందే, అతనికి జవాబు చెప్పడానికి అద్దం దించాను. బండి ఆగే ఉంది, బ్రేకు మీద నా కాలు ఉంది. ఉందనే అనుకున్నాను. హారన్లకు అమ్మకు మెలకువ వచ్చి, ఇల్లు వచ్చిందనుకుని తలుపు తీసి ఒక కాలు కింద పెట్టింది.

బండి కదిలింది. నా పాదం పెడల్ మీద నుంచి ఎప్పుడు జారిందో నాకు ఈ రోజుకీ తెలియదు.

"బిడ్డా!" అని వినపడింది. తొక్కాల్సింది బ్రేకు. నేను తొక్కలేదు. ఏడాదిగా అలవాటు పడ్డ నా ఎడమ చెయ్యి మైనస్ రేకును లాగింది. బండి కూత కూసింది. మళ్ళీ లాగాను, మళ్ళీ కూసింది. ఒకటో గేరు కింద ఇంకో గేరు లేదు. మూడోసారీ లాగాను. ఆ తర్వాతే నా చేతికి హ్యాండ్ బ్రేకు గుర్తొచ్చింది. దిగి చూసేసరికి ఆమె తలుపుకూ రోడ్డుకూ మధ్య ఒక పక్కకు పడి ఉంది. చీర కుచ్చిళ్ళు సర్దుకోవడానికి ప్రయత్నిస్తోంది.

తుంటి విరిగింది. ఆపరేషన్ చేసి రాడ్డు వేశారు. ఎముకలు మెత్తబడి ఉన్నాయి, మళ్ళీ మునుపటిలా నడుస్తుందని చెప్పలేం అన్నారు. పెద్ద ఆస్పత్రి, గదిలో ఏసీ, సారు ఏ లోటూ చెయ్యలేదు. తల్లి మీద మాత్రం విసుక్కున్నాడు. "నీకు ఆగుడు తెల్వదమ్మా. అన్న దిగమనకముందే ఎవరు దిగమన్నరు?"

"నాదే తప్పు రా. బండి ఆగకముందే దిగిన. ఆయన్నేం అనకు" అంది ఆమె.

సారు నా భుజం మీద చెయ్యి వేశాడు. "నువ్వు పరేషాన్ కాకు అన్నా. నీ చేతుల బండి ఉంటే నాకు రంది లేదు."

నాలుగు రోజులు నోరు మెదపలేదు. పొద్దున సారును ఎయిర్‌పోర్టు దగ్గర దింపడం, సాయంత్రం ఆస్పత్రికి తీసుకుపోవడం. రేకులతోనే. అంత జరిగాక కూడా వాటితోనే నడిపాను, ఈ మాట రాయడానికి సిగ్గుగా ఉంది. మా ఆవిడ పాదం చూడటం మానేసింది. నాలుగో రోజు అన్నం పెడుతూ, "చెప్పు" అంది.

"చెప్తే ఆమె లేసి నడుస్తదా?"

"నడవది. అయినా చెప్పాలె."

మర్నాడు ఆస్పత్రి గదిలో అమ్మ నన్ను దగ్గరికి పిలిచింది. నా చెయ్యి పట్టుకుని, "నా తొందర జెయ్యవట్టి నీ పేరు ఖరాబయింది బిడ్డా. గింత మంచిగ నడిపేటోనికి మచ్చ తెచ్చిన. మనసుల పెట్టుకోకు" అంది. ఆమె నాకు క్షమాపణ చెబుతోంది. అక్కడితో నా వల్ల కాలేదు. సారు కిటికీ దగ్గర నిలబడి ఉన్నాడు. పాదం సంగతి, డాక్టరు మాట, రేకులు, ఆ రోజు జారిన కాలు, అన్నీ చెప్పాను. ఒక్కటీ దాచలేదు.

సారు కిటికీ దగ్గర నుంచి నా ముందుకు వచ్చాడు. "మరి ఇన్ని దినాలు ఎట్ల నడిపినవ్?" అన్నాడు.

"చేతులతోని సార్."

ఆయన నా చేతుల వైపు చూశాడు. తర్వాత చెయ్యి చాచాడు, తాళాలు పెట్టాను. తిట్టి ఉంటే బాగుండేది. తలుపు దగ్గరగా వేసి బయటికి వెళ్ళిపోయాడు.

ఇక నా చేతికి రాదని ఆ క్షణమే నాకు తెలుసు, ఆ బండీ, ఇంకే బండీ. ఇప్పుడు ఒక గోడౌను గేటు దగ్గర కుర్చీలో కూర్చుంటాను, లారీ వస్తే గేటు తీస్తాను. దాని గురించి చెప్పడానికేమీ లేదు.

ఆ రోజు సారు వెళ్ళాక ఆస్పత్రి గదిలో నేనూ అమ్మా మిగిలాం. ఆమె నా చెయ్యి ఎప్పుడో వదిలేసింది. పైకప్పు వైపు చూస్తూ అడిగింది.

"ఆ కాలుల నొప్పి గిట్ల ఏమన్న తెలుస్తదా నీకు?"

"ఏం తెల్వదమ్మా."

"నాకు తెలుస్తున్నది" అంది ఆమె.